మా వంటక్క రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటోందో రెండేళ్ళకి తెలిసింది

కుందలహళ్ళి కోడలు:

అందరికీ నమస్కారం. ఇది అద్దె ఇళ్ళ విభాగంలో పెట్టాలో ఇంకెక్కడైనా పెట్టాలో తెలియలేదు, తప్పయితే అడ్మిన్ మార్చేయండి.

మేముండేది బెంగళూరులో. మా ఇంట్లో వంట చేసే అక్కది కదిరి దగ్గర పల్లె. రెండేళ్ళ నుంచి వస్తోంది. పొద్దున ఆరున్నరకి బెల్లు కొడుతుంది, ఒక్కరోజు ఆలస్యం లేదు, ఇంత కరెక్టుగా ఎలా వస్తావక్కా అంటే నవ్వేసేది. చేతిలో ఎప్పుడూ పెద్ద జిప్పు సంచి, మనం సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు పట్టుకెళ్తామే, అంత. ఫోను మా వంటింట్లోనే చార్జింగ్ పెట్టుకుంటుంది. రెండు మూడు సార్లు "అమ్మా, ఈ చీర మీ బాల్కనీలో ఆరేసుకోనా" అని అడిగింది. నాకేమీ తట్టలేదు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పోయిన నెల గ్యాస్ కనెక్షన్‌కి మీ అడ్రస్ రాయించుకోవచ్చా అని అడిగినప్పుడు మాత్రం కూర్చోబెట్టి సంగతేంటని అడిగాను.

ఆమె ఉన్న వఠారం పోయిన ఏడాది ఉగాది ముందు పడగొట్టేశారట. ఎనిమిది రూములు, ఒక కొళాయి, రెండు బాత్రూములు. ఓనరు అక్కడ ఐదంతస్తుల పీజీ కడుతున్నాడు. అప్పట్నుంచి కొన్నాళ్ళు చెల్లెలి వరస అయ్యే ఆవిడ రూములో ఉంది, అందులో వాళ్ళే ఐదుగురు. ఆ ఇంటాయన తాగొచ్చి గొడవ చేసిన రోజు తెలిసినవాళ్ళ బ్యూటీ పార్లర్లో కింద చాప వేసుకుంటుంది. వారంలో మూడు రాత్రులు ఒక పెద్దావిడకి తోడు పడుకునే పని దొరికింది, ఆ మూడు రోజులూ బెంగ లేదంటుంది. కొడుకు పదో తరగతి, ఊర్లో అమ్మమ్మ దగ్గర ఉన్నాడు.

సంచి తెరిచి చూపించింది. రెండు చీరలు, దుప్పటి, స్టీలు డబ్బా, కొడుకు మార్కుల కాగితం, ప్లాస్టిక్ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసిన పాత రూము తాళంచెవి. రూమే లేదు కదా, తాళంచెవి ఎందుకక్కా అంటే, "అడ్వాన్సులో ఇంకా ఇరవై వేలు ఇయ్యాల ఆయప్ప. ఇచ్చిన్నాడు ఇస్తా" అంది.

ఇంతకీ నేను అడిగేది ఏంటంటే, ఈమెని ఇల్లు లేని మనిషి అనాలా? రోడ్డు మీద అయితే లేదు. మా ఆయనేమో, రాత్రికి ఎక్కడో ఒకచోట పడుకుంటోంది, ఊర్లో ఇల్లుంది, ఫుట్‌పాత్ వాళ్ళ సంగతి వేరు ఈమె సంగతి వేరు అంటున్నాడు. ఇంకోటి, నేనేం చేస్తే నిజంగా ఉపయోగం? మా ఇంట్లోనే ఉండమన్నాను. వద్దంది, అదీ గట్టిగా.

నైట్ డ్యూటీ:

మీ ఆయన్ని ఒక్కణ్ణే అని లాభం లేదండీ, మన జనాభా లెక్కలు చెప్పేదీ అదే. 2011లో ఇల్లు లేనివాళ్ళని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. ఎవరిని? రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, పెద్ద సిమెంటు గొట్టాల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉన్నవాళ్ళని. దేశం మొత్తం మీద 17.73 లక్షలు తేలారు. మీ అక్క ఆ రాత్రి పార్లర్లో చాప మీద ఉండి ఉంటే ఆ లెక్కలోకి రాదు. పైన కప్పు ఉంది కదా.

ఫిన్లాండ్‌లో అలా కాదు. చుట్టాల ఇంట్లోనో స్నేహితుల ఇంట్లోనో వేరే దిక్కు లేక తాత్కాలికంగా ఉంటున్నవాళ్ళని కూడా ఇల్లు లేనివాళ్ళ కిందే లెక్క రాస్తారు, అక్కడి లెక్కలో ఎక్కువమంది వాళ్ళే. ఇంగ్లీషులో దీనికి కంటికి కనపడని నిరాశ్రయం అన్నట్టు ఏదో పేరు పెట్టారుగానీ మనకి ఎప్పట్నుంచో మాట ఉంది, ఒకరి పంచన ఉండటం. పంచన అంటే ఇంటి లోపల కూడా కాదు, చూరు కింద. ఆ మాట ఎవరు పుట్టించారోగానీ బాగా తెలిసినవాళ్ళే.

మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చిన లెక్క ఒకటుంది. 2012లో కేంద్రం వేసిన నిపుణుల బృందం (అమితాబ్ కుందు అధ్యక్షుడు) పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్ళు తక్కువ ఉన్నాయని తేల్చింది. అందులో అసలు ఏ నీడా లేని కుటుంబాలు 5.3 లక్షలే. సుమారు 1.5 కోట్లు ఇరుకు లెక్క, అంటే ఒకే గదిలో మీదా కిందా పడి బతికే కుటుంబాలు. అదే టైములో పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయని 2011 లెక్కలే చెప్పాయి. ఇళ్ళు లేక కాదన్నమాట.

ఈ ఊర్లోనే జరిగింది ఒకటి చెప్తాను. ఈజీపురలో 1990ల్లో పేదలకి కట్టిన క్వార్టర్సు ఉండేవి, 2007లో ఒక బ్లాకు కూలింది, జనం అక్కడే రేకుల షెడ్లు వేసుకుని ఉండిపోయారు. 2013 జనవరిలో వాటినీ తీసేశారు. సుమారు 1,500 కుటుంబాలు. కొంతమంది అక్కడే ఫుట్‌పాత్ మీద టెంట్లలో ఉన్నారు కాబట్టి పేపర్లో ఫోటోలొచ్చాయి. మిగతావాళ్ళు చుట్టాల ఇళ్ళలోకి సర్దుకున్నారు. వాళ్ళ ఫోటో ఎవరు తీస్తారు?

వైట్‌ఫీల్డ్ వాస్తవం:

ప్రతిదానికీ ఒక పెద్ద పేరు పెట్టడం ఫ్యాషనైపోయింది. నేను 2009లో వచ్చినప్పుడు మడివాళలో ఒకే రూములో ఏడుగురం, ఒకడు వంటగదిలో సిలిండర్ పక్కన పడుకునేవాడు. మేమంతా హోమ్‌లెస్సా? ఊర్లో ఇల్లూ వాకిలీ పెట్టుకుని నాలుగు డబ్బులు వెనకేసుకోవడానికి వచ్చినవాళ్ళని ఈ లిస్టులో కలిపితే నిజంగా రోడ్డు మీదున్న వాళ్ళకి అన్యాయం చేసినట్టే. కోప్పడకండి, నా అభిప్రాయం.

సైటు సాంబడు:

బ్రో, మీ ఏడుగురి దగ్గరా తాళంచెవి ఉంది. రాత్రి రెండింటికి వచ్చినా తలుపు తీసుకుని లోపలికి పోయేవాళ్ళు, ఎవర్నీ బతిమాలే పని లేదు. తేడా అక్కడే ఉంది.

నేను పదకొండేళ్ళుగా సైట్లలో ఉన్నాను, ఇప్పుడు సర్జాపూర్ వైపు. మా దగ్గర పాలమూరు, శ్రీకాకుళం, రాయచూరు వాళ్ళు ఎక్కువ, ఇప్పుడు ఒడిశా, బెంగాల్ వాళ్ళూ వస్తున్నారు. రేకుల షెడ్డు, పదడుగులకి పదడుగులు, ఒక కుటుంబం లేదా ఆరుగురు కుర్రాళ్ళు. ఏప్రిల్లో మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం, రాత్రి పదింటిదాకా ఆ వేడి దిగదు, అందుకని అందరూ బయట ఇసక కుప్ప మీద కూర్చుంటారు. కూలీలకి ఉచితంగా తాత్కాలిక వసతి ఇవ్వాలనీ, వంటకీ స్నానానికీ మరుగుదొడ్డికీ విడిగా ఏర్పాటు ఉండాలనీ 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే 34వ సెక్షన్ కింద రాశారు. రాసింది బాగుంది. నేను చూసిన ఒక సైటులో 90 మందికి నాలుగు దొడ్లు, వాటిలో ఒకటి మేస్త్రి తాళం వేసుకున్నాడు.

స్లాబులైపోయి ప్లాస్టరింగ్ మొదలైతే షెడ్లు విప్పమంటారు, ఆ స్థలం పార్కింగుకి కావాలి కాబట్టి. రేకుల మీద సుద్దతో నెంబర్లు రాసుకుని లారీలో వేసుకుంటారు, తర్వాతి సైటులో అదే వరసలో బిగించుకోవడానికి. కొత్తకోట వైపు ఆవిడ ఒకామె పెయింటు డబ్బాలో తులసి మొక్క పెట్టుకుని లారీలో ముందు సీటు అడిగేది, మొక్క విరుగుతుందని. నాకు తెలిసి నాలుగు సైట్లు తిరిగింది ఆ మొక్క. వాళ్ళకీ ఊర్లో ఇల్లుంది బ్రో. అన్నదమ్ములు నలుగురికి రెండు గదులు, పండక్కి పోతే వసారాలో పడుకుంటారు. అక్కడ ఇల్లుంది, పని లేదు. ఇక్కడ పని ఉంది, ఇల్లు లేదు. మీరేమో రెండు సగాలు కలిపి ఒకటి అంటున్నారు.

పేరు వద్దు:

కొత్త ఐడీతో రాస్తున్నాను, పాత ఐడీ ఇక్కడ చాలామందికి తెలుసు.

2023లో ఉద్యోగం పోయింది. పీజీలో రెండు నెలలు లాగాను, తర్వాత ఖాళీ చేశాను. ఇంట్లో చెప్పలేదు, నాన్నకి అప్పటికే స్టెంట్ వేశారు. నాలుగు నెలలు స్నేహితుల రూముల్లో తిరిగాను, ఒక్కోచోట వారం మించకుండా. మొదటి రెండు రోజులు బిర్యానీ పెట్టిస్తారు. నాలుగో రోజు "ఇంటర్వ్యూలు ఎంతవరకు వచ్చాయి రా" అని అడుగుతారు, మంచిగానే అడుగుతారు, కానీ ఆ ప్రశ్న వచ్చిందంటే సంచి సర్దుకోవాలి. వాళ్ళు లేవకముందే పరుపు మడతపెట్టేసి, నేను అక్కడ పడుకున్న గుర్తు లేకుండా చేసి, సోఫా అంచు మీద కూర్చునేవాణ్ణి. మధ్యలో రెండు రాత్రులు ఎవరూ దొరక్క యశ్వంతపురం స్టేషన్లో. జిమ్ మెంబర్‌షిప్ మాత్రం వదల్లేదు. అందరూ నాకు బాడీ పిచ్చి అనుకున్నారు. అది స్నానం కోసం.

అడిగితే నాకు ఇల్లు లేదని నేనే ఒప్పుకునేవాణ్ణి కాదు, "రూము వెతుకుతున్నా" అనేవాణ్ణి.

మేడం, మీ అక్క మీ ఇంట్లో ఉండనని ఎందుకందో నాకు అర్థమైంది. పనిచేసే చోటే పడుకుంటే పని ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు అయిపోతుందో ఉండదు. రాత్రి పదింటికి మీ చుట్టాలొస్తే ఆమె లేచి టీ పెట్టాలా వద్దా? మీరు పెట్టొద్దన్నా ఆమె పెడుతుంది. పైగా రేపు మీకూ ఆమెకూ మాట పడకపోతే పనీ పోతుంది, పడకా పోతుంది, రెండూ ఒకేరోజు.

కె.ఆర్.పురం పిన్ని:

పైన బాబు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు నాయనా. ఇప్పుడు బాగున్నావనే అనుకుంటున్నాను.

అమ్మాయ్, పని మాట చెప్తాను. నెల అద్దె కట్టలేక కాదు వీళ్ళు ఇలా అయ్యేది, అడ్వాన్సు దగ్గర ఆగిపోతారు. ఆరువేల రూముకి అరవై వేలు అడుగుతారు, ఈ ఊరి పద్ధతే అంత, పది నెలలు. నాలుగిళ్ళలో పాచిపని చేసే మనిషి దగ్గర అరవై వేలు ఒకేసారి ఎక్కడుంటాయి? 2021లో కేంద్రం మోడల్ చట్టం ఒకటి తెచ్చి ఇళ్ళకి రెండు నెలలకి మించి డిపాజిట్ తీసుకోవద్దని రాసింది. అది రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకుంటేనే పనిచేస్తుంది. మా వీధి ఓనరుకి చెప్తే "ఢిల్లీలో రూము చూసుకోమను" అన్నాడు.

మా లేఅవుట్‌లో ఆరిళ్ళవాళ్ళం మూడేళ్ళ కిందట తలా పదివేలు వేశాం. దానం కాదు, చేబదులు. ముగ్గురు ఆడవాళ్ళు కలిసి ఒక వఠారంలో రెండు రూములు తీసుకున్నారు, నెలకి తలా వెయ్యి తిరిగిచ్చారు, ఆ డబ్బు తర్వాతివాళ్ళకి పోయింది. మొదట్లో నేనొక తప్పు చేశాను. ఓనరు నమ్మడని అగ్రిమెంటు నా పేరున రాయించాను. ఇక చూస్కో, నీళ్ళు ఎక్కువ వాడారని నాకు ఫోను, చుట్టాలొచ్చారని నాకు ఫోను. ఆ పిల్లలు మేకు కొట్టాలన్నా "పిన్నీ కొట్టుకోమా" అని నన్ను అడగడం మొదలుపెట్టారు. అంటే మళ్ళీ ఒకరి పంచనే కదా, ఈసారి నా పంచన. పదకొండు నెలలు కాగానే అగ్రిమెంటు వాళ్ళ పేరున మార్పించాను. నువ్వు సాక్షి సంతకం పెట్టు, అంతకు మించొద్దు.

ఎవరైనా "లీజుకిస్తాం, నెల అద్దె అక్కర్లేదు" అంటే భయపడండి. ఐదారు లక్షలు ఒకేసారి తీసుకుంటారు, ఇంటి మీద బ్యాంకు లోను ఉందని చెప్పరు. మా వెనక వీధిలో తలుపు మీద బ్యాంకు నోటీసు అంటించాకే తెలిసింది లోపలున్నవాళ్ళకి. పుస్తెలమ్మి కట్టిన డబ్బు.

గ్యాసుకి నీ అడ్రస్ అక్కర్లేదు. 5 కిలోల చిన్న సిలిండరు అడ్రస్ రుజువు లేకుండా ఇస్తారు, ఏదో ఒక గుర్తింపు కార్డు చాలు. బియ్యానికి ఊరి కార్డే ఇక్కడి రేషన్ షాపులో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, కాకపోతే అది కేంద్రం ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన కార్డు అయ్యుండాలి, రాష్ట్రం విడిగా ఇచ్చినదైతే కుదరదు, ముందే చూసుకో. ఓటు సంగతి కూడా చెప్తాను, చాలామందికి తెలీదు. అడ్రస్ కాగితం ఏమీ లేనివాళ్ళు కూడా ఓటరుగా నమోదు కావచ్చు. ఫలానా చోట పడుకుంటానని చెబితే ఎన్నికల ఉద్యోగి రాత్రిపూట వచ్చి నిజంగా అక్కడే పడుకుంటున్నారా అని చూసిపోవాలి, రూలు అది.

షోలాపూర్ మనవడు:

పిన్నిగారి ఆరిళ్ళ చేబదులు చదివాక మా అమ్మమ్మవాళ్ళ సంగతి రాయకుండా ఉండలేకపోయాను. షోలాపూర్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళలో మన తెలుగువాళ్ళే ఎక్కువ, తెలంగాణ నుంచి మగ్గాల కోసం వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు. ఇరుకు గదుల్లో, బీడీ ఆకు చేట ఒళ్ళో పెట్టుకుంటే కాలు చాపే చోటుండదు. యూనియన్ నాయకుడు నర్సయ్య ఆడం వీళ్ళని కూడగట్టి సహకార సంఘం పెట్టించారు. కొంత సభ్యుల వాటా, కొంత కేంద్రం, కొంత రాష్ట్రం. ఊరి బయట కుంభారిలో 10,000 ఇళ్ళు, కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరు మీద. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలిచ్చారు. ఆ తర్వాత అసంఘటిత కార్మికులకి రేనగర్ అని 30,000 ఇళ్ళ ప్రాజెక్టు, అందులో 15,000 ఇళ్ళు 2024 జనవరిలో మోదీ ఇచ్చారు. కట్టించింది ఎర్రజెండా వాళ్ళు, తాళాలు ఇద్దరు ప్రధానుల చేత, రెండు వేరే పార్టీలు! ఎన్నేళ్ళు ఎన్ని మోర్చాలు తిరిగారో అడగకండి, మా అమ్మమ్మ మొదలుపెడితే ఆపదు.

బెంగళూరుకి అదే పనికొస్తుందని నేననను, ఇక్కడ భూమి ధర చూస్తే నవ్వొస్తుంది. మీ అక్కకి సొంతిల్లు కూడా ఇప్పుడు కావలసింది కాదు, నడిచి పనికి వెళ్ళేంత దూరంలో అద్దె గది కావాలి. కేరళలో పాలక్కాడ్ దగ్గర కంజికోడ్‌లో 2019లో వలస కార్మికులకి 640 పడకల హాస్టల్ కట్టారు, ప్రభుత్వమే. కేంద్రం కూడా 2020లో లాక్‌డౌన్ తర్వాత అద్దె ఇళ్ళ పథకం పెట్టింది, ఇప్పుడు కేంద్రం కొత్త ఇళ్ళ పథకం ఆవాస్ యోజనలోనూ అద్దె ఇళ్ళకి విడిగా ఒక భాగం ఉంది. మన ఎమ్మెల్యేలని రోడ్ల గుంతల గురించి అడుగుతాం, దీని గురించి ఒక్కరమైనా అడిగామా?

నైట్ డ్యూటీ:

అడిగే పనైతే ఇది కూడా కలపండి. ఇల్లు లేనివాళ్ళు తలదాచుకోవడానికి లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలి, ఏడాది పొడుగునా, రోజంతా తెరిచి ఉండాలి అని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల్లో ఈ నగరం 84 లక్షలు. అంటే అప్పటికే 84 షెల్టర్లు ఉండాలి. మీ ఇంటికి దగ్గర్లో ఏది ఉందో ఇక్కడ ఒక్కరు చెప్పండి చూద్దాం. ఆడవాళ్ళదైతే ఇంకా మంచిది.

వైట్‌ఫీల్డ్ వాస్తవం:

లెక్కల్లో కలపడం గురించి నా అభిప్రాయం మారలేదు. తాళంచెవి పాయింటు మాత్రం ఒప్పుకుంటా. అడ్వాన్సుకి పదివేలు నేనూ వేస్తాను, చేబదులే, కుందలహళ్ళి కోడలుగారు మెసేజ్ పెట్టండి.

కుందలహళ్ళి కోడలు:

అప్డేట్ ఇవ్వడం ఆలస్యమైంది, క్షమించాలి. ఇక్కడి నుంచి ముగ్గురు, మా అపార్ట్‌మెంట్ నుంచి ఇద్దరు కలిసి 50 వేలు పోగయ్యాయి. మా ఆయన "నువ్వు అడగలేదు కదా" అని అలిగి ఇంకో పదివేలు వేశాడు. తూబరహళ్ళిలో ఒక వఠారంలో రూము దొరికింది. చిన్నది, కిటికీ గోడవైపు తెరుచుకుంటుంది, కానీ కొళాయి ఎదురుగానే. ఓనరు తెలుగాయనే, చిత్తూరు. "ఒక్కదానివేనా, మగాళ్ళెవరూ రారు కదా" అని నాలుగుసార్లు అడిగాడు. నేను నోరు తెరవబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపి, "మా కొడుకొస్తాడు, సెలవులకి. వాడు మగాడే" అంది. అగ్రిమెంటు ఆమె పేరునే, నేను సాక్షిని. పిన్నిగారూ, మీ మాటే.

పాత ఓనరు ఇరవై వేలు ఇంకా ఇవ్వలేదు. ఆ తాళంచెవీ ఆమె పారెయ్యలేదు, కొత్తదానితో కలిపి ఒకే రింగుకి వేసుకుంది. నిన్న ఆరున్నర కాదు, ఏడుంపావుకి వచ్చింది, నీళ్ళు ఆలస్యంగా వదిలారట.

ఎవరిదగ్గరైనా వాడని చిన్న స్టవ్వు, మడత మంచం, ఒక ప్లాస్టిక్ డ్రమ్ము ఉంటే చెప్పండి. ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తాను, మారతహళ్ళి, బ్రూక్‌ఫీల్డ్ వైపు అయితే మంచిది.